కాలరు పెద్దమ్మ కుట్టిన మొదటి చొక్కా

మా పెద్దమ్మ ఉద్యోగం చేసినంత కాలం కాలర్లే కుట్టింది. చొక్కాలు కాదు, కాలర్లు. బట్టల ఫ్యాక్టరీలో ఒకరు చేతులు కుడతారు, ఒకరు జేబులు వేస్తారు, ఇంకొకరు కాజాలు తీస్తారు. ఆవిడకి ఒక పక్కన కత్తిరించిన ముక్కల కట్టలుండేవి, రెండో పక్కన పూర్తయిన కాలర్లు గుట్టగా పడేవి. ఆ కాలర్ల కింద చొక్కా ఎప్పుడు చేరేదో, దాన్ని ఎవరు తొడుక్కునేవారో ఆవిడకి తెలియదు. చుట్టాలంతా ఆవిడని కాలరు పెద్దమ్మ అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది నేను కాదు గానీ, పెట్టినవాళ్ళని తప్పుపట్టను.

ఎవరైనా ఎదురుపడితే ఆవిడ ముందు మెడ చూస్తుంది, తర్వాత మొహం చూస్తుంది. ఒకసారి చెవి నొప్పని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఫ్యాక్టరీ మోత విని విని ఒక చెవి సగం పోయిందని ఆయన నెమ్మదిగా, జాలిగా చెప్పుకొచ్చాడు. అంతా విని, "మీ కాలరు కొన సరిగ్గా తిరగలేదు బాబూ, తిరగేసేటప్పుడు లోపల్నుంచి పెన్సిలుతో పొడవాల్సింది" అంది.

ఉద్యోగం మానేసిన రోజు ఫ్యాక్టరీవాళ్ళు గోడ గడియారం ఇచ్చి పంపారు. దాన్ని బల్ల మీద పెట్టి, చెప్పులు కూడా విప్పకుండా కూర్చుంది.

"ఒక్క చొక్కా కూడా మొత్తంగా కుట్టకుండానే వచ్చేశానురా" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆవిడ మొహం చూసి మింగేశాను. ఎప్పుడూ ఏదీ కావాలని అడగని మనిషికి కావలసింది ఒకటుందని అప్పుడే తెలిసింది.

అమ్మమ్మ కుట్టుమిషను వెనక గదిలో పాత పరుపుల కింద ఉంది. అది తొక్కుడు మిషను. పెద్దమ్మ చిన్నప్పుడు అమ్మమ్మ దాని మీద పొద్దున గుడ్డ పరిచిందంటే సాయంత్రానికి చొక్కా అయి లేచేది. కొత్త మిషను కొనుక్కోమని అందరం చెప్పాం. ఇంకో కరెంటు మోత ఇంట్లోకి రానివ్వనని మొండికేసింది. కుడితే అమ్మ మిషను మీదే కుడతానంది. మా పెదనాన్నకి మాత్రం ఆ మిషను మీద వేరే ఆలోచన ఉంది.

"ఆ ఇనపకాళ్ళ మీద బేసిను బిగిస్తే చేతులు కడుక్కోడానికి భలే ఉంటుంది. హోటళ్ళలో ఇప్పుడన్నీ అవే."

"ముందు మీ కాళ్ళ మీద బిగిస్తాను, ఎలా ఉంటుందో చూద్దాం" అంది పెద్దమ్మ.

వరండాలో పాత దుప్పటి పరిచి మిషను విప్పింది. లోపలి నూనె ఎండి జిగురై, ఏ భాగాన్నీ కదలనివ్వలేదు. మరలు తుప్పుతో బిగుసుకుపోయాయి. ఒక్కో మర మీద కిరసనాయిలు చుక్క వేసి, మర్నాటి దాకా వదిలేసి, మళ్ళీ తిప్పి చూసేది. రాకపోతే తిట్టేది కాదు, ఇంకో చుక్క వేసేది. పాత టూత్‌బ్రష్షుతో మురికి వదిలిస్తుంటే నల్లరంగు మీద బంగారు పూలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. అడుగున చిన్న పడవలాంటి షటిలు, అందులో కింది దారం చుట్టే, వేలంత పొడుగు సన్నటి బాబిను ఉన్నాయి. ఎన్నో రకాల మిషన్ల మీద పనిచేసిన మనిషి ఆ షటిలుని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. చివరికి తోలు బెల్టు కొత్తది వేసి తొక్కితే చక్రం తిరిగింది. చప్పుడు మెత్తగా వచ్చింది. ఆవిడ బాగున్న చెవిని దానివైపు తిప్పి కూర్చుంది.

అన్నీ కుదిరాయి. సూది లేదు.

బిగించే చోట పాత సూది ముక్క ఒకటి విరిగి ఇరుక్కుని ఉంది. ఇప్పటి మిషను సూదుల తలకి ఒక పక్క చదునుగా ఉంటుంది. దీని తల పూర్తిగా గుండ్రం, పైగా సన్నం. విడిభాగాల షాపాయన ఆ ముక్కని అద్దం కింద పెట్టి చూశాడు.

"ఇవి మా నాన్నగారు షాపులో కూర్చునేటప్పుడే రావడం మానేశాయమ్మా. షోకేసులో పెట్టుకోండి, అందంగా ఉంటుంది."

పెద్దమ్మ కాళ్ళరిగేలా తిరిగింది. ముసలి టైలర్లని అడిగింది. పాత సామాన్ల కొట్లలో మేకుల డబ్బాలు గుమ్మరించి వెతికింది. ఒక టైలరు సూది లేదని చెప్పి మిషను అమ్ముతారా అన్నాడు. ఇప్పటి సూదులే తెచ్చి సానరాయి మీద తల అరగదీసింది. ఒకటి వంగింది, ఒకటి విరిగి ఆవిడ చెంప పక్కనుంచి పోయింది. ఈలోగా పెదనాన్న బేసిను కొనేసి, కాగితం విప్పకుండా వరండాలో మిషను పక్కనే పెట్టాడు. నెలాఖరుకి ప్లంబరు వస్తాడని కూడా చెప్పాడు. ఆయన చెడ్డవాడు కాదు. దొరకదనుకున్నాడు, అంతే. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను.

ఒకరోజు వరండాలో ఆ విరిగిన ముక్క మళ్ళీ చూసినప్పుడు నాకు మా ఇంట్లోని రేకు డబ్బా గుర్తొచ్చింది. దాని సంగతి చెప్పాలి. అమ్మమ్మ పోయాక, ఆవిడ చెప్పిపెట్టినట్టే వస్తువులు పంచుకున్నప్పుడు మిషను పెద్దమ్మకి వెళ్ళింది, మిషను సొరుగులో ఉండే డబ్బా మా అమ్మకి వచ్చింది. మా అమ్మ లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. కోపం ముక్కు మీద ఉంటుంది. "మిషను దానికీ, డబ్బా నాకూనా" అని అప్పుడు ఒంటికాలి మీద లేచింది. మిషను తనకి కావాలని కాదు, అమ్మకి కుట్టడమే రాదు. పట్టుకెళ్ళేముందు అక్క తనని ఒక మాట అడగలేదని. డబ్బాని మూత కూడా తియ్యకుండా అలమర మీద పడేసింది. అక్కచెల్లెళ్ళ మధ్య మాటలు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయి. ఒకరి సంగతులు ఇంకొకరికి మోసే పని నాకు పడింది.

ఆ సాయంత్రం డబ్బా దింపి అమ్మ ముందు పెట్టాను.

"అందులో తుప్పు తప్ప ఏముంటుంది?" అంటూనే మూత తీసింది. నూనె గుడ్డలో వరసగా గుచ్చిన సూదులు. ఒక్కదానికీ తుప్పు లేదు. తలలన్నీ గుండ్రం.

"పెద్దమ్మ వీటికోసం ఊరంతా తిరుగుతోందే" అన్నాను.

"మిషను పట్టుకెళ్ళిన మనిషికి సూది లేదా? పాపం." టక్కున మూత పెట్టేసింది.

అమ్మమ్మ కావాలనే అలా పంచిందని, ఒకరి అవసరం ఒకరికి ఉంచిందని మా చుట్టాల్లో ఒకావిడ తర్వాత కళ్ళు తుడుచుకుంది. నేను నమ్మను. అమ్మమ్మకి డబ్బాలో ఏముందో కూడా గుర్తుండి ఉండదు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళబోతుంటే నా జేబుకి సూది ఒకటి గుచ్చి ఉంది. "ఒకటే. డబ్బా నాది" అంది అమ్మ వంటగదిలోంచి.

పెద్దమ్మ ఆ సూదిని వెలుతురుకి పట్టి చూసింది. సూదిని పైదాకా నెట్టి మర బిగించింది, దారం ఎక్కించింది, పాత గుడ్డ ముక్క పెట్టి తొక్కింది. గుడ్డ మీద కన్నాలు పడ్డాయి. కుట్టు పడలేదు. దారం మార్చి చూసింది, షటిలు తీసి మళ్ళీ పెట్టింది. అక్కడొకటి ఇక్కడొకటి పడి, లాగితే ఊడొచ్చింది. పెదనాన్న బేసిను వైపు చూడకుండా ఉండడానికి నానా తంటాలు పడ్డాడు.

పెద్దమ్మ మిషనులో గుడ్డని అదిమిపట్టే పాదం మీంచి చెయ్యి తీసి, "పాడైన సూది ఏరి పంపింది మీ అమ్మ. దాని బుద్ధి నాకు తెలీదా" అంది. ఆవిడ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, అప్పుడూ చూడలేదు. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

మామూలుగా నేను మాటలు మోసేటప్పుడు దారిలో కొన్ని నీళ్ళు కలుపుతాను. ఆరోజు విసుగొచ్చి కలపలేదు. అన్నది అన్నట్టు అమ్మకి చెప్పాను.

అమ్మ లాండ్రీ నుంచి అప్పుడే వచ్చింది. చీర మీద తొడుక్కునే పని చొక్కా కూడా విప్పలేదు. డబ్బా చంకన పెట్టుకుని బయల్దేరింది. నేను వెనకాల పరిగెత్తాను. ఆ ఇంటి గుమ్మం తొక్కి ఎన్నాళ్ళయిందో ఆ కోపంలో గుర్తు లేనట్టుంది, సరాసరి వరండాలోకి వెళ్ళింది. పెద్దమ్మ లోపల్నుంచి వచ్చి నిలబడిపోయింది. కూర్చో అని ఎవరూ అనలేదు.

"పలక జరుపు" అంది అమ్మ.

"ఎందుకు?"

"జరపవే."

పెద్దమ్మ సూది కింది పలకని పక్కకి జరిపింది. అమ్మ చక్రం నెమ్మదిగా తిప్పి సూదిని పూర్తిగా కిందికి దించింది. వంగి చూసింది.

"పైదాకా నెట్టేశావు."

"సూదంటే పైదాకానే పెడతారు. అన్నేళ్ళు పెట్టాను."

"నీ ఫ్యాక్టరీలో. దీనికి పైన ఆగే చోటు లేదు. అమ్మ కొంచెం కిందికి లాగి, సూది బెజ్జం పలక కిందికి గోరంత దిగిందో లేదో గోరు పెట్టి చూసుకునేది. అప్పుడు గానీ షటిలుకి దారం అందదు. సూదికి దారం ఎక్కించేది నేనేగా. నువ్వెప్పుడూ ఆటలకి పోయేదానివి."

పెద్దమ్మ మర వదులు చేసింది. అమ్మ బొటనవేలి గోరు పలక కింద పెట్టి, "ఇంకా, ఇంకా, చాలు" అంది. మర బిగిసింది. దారం ఎక్కించడానికి అమ్మ తల వంచింది గానీ, ఇప్పుడు ఆవిడ కళ్ళకీ బెజ్జం కనపడలేదు. పెద్దమ్మ తన కళ్ళద్దాలు తీసి ఇచ్చింది. అవే పెట్టుకుని ఎక్కించింది.

తొక్కితే కుట్టు పడింది. గుడ్డ ఆ చివరిదాకా, ఒక్కటీ తప్పకుండా. పెద్దమ్మ ఆపకుండా గుడ్డ తిప్పి మళ్ళీ కుట్టింది.

"ఎవరికి కుడతావు?" అంది అమ్మ కాసేపటికి.

పెదనాన్న తన చొక్కాలన్నీ గట్టిగానే ఉన్నాయని ముందే ప్రకటించాడు. అమ్మ ఒంటి మీది పని చొక్కా విప్పి మిషను మీద పడేసింది. "ఇది ఎలాగూ చిరిగిపోతోంది. కొలతకి ఉంచుకో." డబ్బా మాత్రం మళ్ళీ చంకన పెట్టుకుంది. ఆ సూది విరిగితే ఇంకోటి ఇస్తానంది.

చొక్కాకి చాలా రోజులు పట్టింది. జేబులు విప్పి మళ్ళీ వేసింది. చేతులు భుజానికి ఎక్కించడానికి తల ప్రాణం తోకకొచ్చింది. కాలరు మాత్రం ఒక్క పూటలో అయిపోయింది. ప్లంబరు వచ్చి, చొక్కా ముక్కలు పరిచిన మిషనునీ పెద్దమ్మ మొహాన్నీ చూసి వెళ్ళిపోయాడు. బేసినులో పెదనాన్న మట్టి పోసి ఏదో మొక్క పెట్టాడు.

చొక్కా నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. వారం తర్వాత పెద్దమ్మ నన్ను వెంటపెట్టుకుని లాండ్రీకి వచ్చింది. అడ్డంగా వేలాడే చొక్కాల వెనక ఆవిరిలో అమ్మ ఇస్త్రీ చేస్తోంది. ఒంటి మీద పెద్దమ్మ కుట్టిన చొక్కా ఉంది. కాలరు కత్తిలా నిలబడి ఉంది. చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. ఊళ్ళో ఎవరు కుట్టిన బట్టకైనా వంక పెట్టకుండా ఇస్త్రీ చెయ్యని మనిషి మా అమ్మ. ఈ చొక్కా గురించి ఇంట్లో ఒక్క మాట అనలేదు.

పెద్దమ్మ ఈసారి మెడ చూడలేదు. బల్ల దాటి వెళ్ళి, అమ్మ చెయ్యి పట్టుకుని ఒక మడత విప్పింది. ఇంకోటి విప్పింది. రెండో చేతిదీ విప్పింది. చొక్కా ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర ఆగింది. కుడి చెయ్యి వేళ్ళ మీదికి జారి, సగం అరచేతిని కప్పేసింది.

"ఎందుకు చెప్పలేదే?" అంది పెద్దమ్మ.

"ఇక్కడ వేడి. ఎలాగూ మడుచుకుంటాగా" అంది అమ్మ. రెండు చేతులూ మళ్ళీ పైకి మడిచి, ఇస్త్రీ పెట్టె అందుకుంది.