క్లచ్ డబ్బాలో పోసిన ఆయిల్

అరకు కొండల్లో పూసే వలిసె పూలు చూడాలని బయల్దేరాను. చూశాను కూడా. కానీ ఇప్పటికీ ఆ పసుపు రంగు కనబడితే మొహం తిప్పుకుంటాను.

అప్పటికింకా కొండ మీద సెల్‌ఫోన్లు పలికేవి కావు. విశాఖలో పొద్దున్నే కిరండోల్ ప్యాసింజరెక్కి, పదకొండు దాటాక అరకులో దిగాను. పాడేరులో మిత్రుడింట్లో బస. బస్సు అప్పుడే వెళ్లిపోయిందన్నారు. ఇడ్లీ తిని, సంత సరుకు దించి పాడేరు వెళ్తున్న పికప్ ఎక్కాను. డ్రైవరు అప్పన్నది ఎస్.కోట. నేను బడిపంతులునని తెలియగానే ముందు సీట్లో కూర్చోబెట్టాడు.

పన్నెండున్నరకి ఓ మలుపులో ఇద్దరు డోలీతో అడ్డం నిలబడ్డారు. సోమన్న, అతని తమ్ముడు. డోలీలో సోమన్న భార్య బుద్రి. నాలుగు రోజులుగా జ్వరం, ఆ పొద్దున మాట పడిపోయింది.

"పాడేరు ఆస్పత్రికి బాబూ. బేగి ఎల్లాల" అన్నాడు సోమన్న.

ముందు సీటు బుద్రికీ సోమన్నకీ ఇచ్చి, తమ్ముడితోనూ డోలీ కర్రతోనూ నేను వెనక నిలబడ్డాను. కాస్త దూరం వెళ్లామో లేదో గేర్లు కరకరమన్నాయి, బండి ఆగింది. క్లచ్ పెడల్ నేలకి అంటుకుపోయింది. బానెట్ ఎత్తితే క్లచ్ ఆయిల్ డబ్బా ఖాళీ. కింద గేరుబాక్సు పక్కన తడి.

"పరవాలేదు మేస్టారూ. ఇంజనాపేసి, గేరులో ఎట్టి సెల్ఫ్ కొడితే బండి కదిలిపోద్ది. క్లచ్చి లేకుండానే పాడేరు ఎల్లిపోవచ్చు" అన్నాడు అప్పన్న.

స్కూటరు విప్పి బిగించిన గర్వం నాది. "ఈ మలుపుల్లో క్లచ్ లేకుండానా? మనుషుల్ని చంపుతావా? వెనక డబ్బాలో ఆయిలుంది, పొయ్యి."

"అది ఇంజనాయిలండి."

"ఆయిలేగా!"

అతను తల గోక్కున్నాడు. "మేస్టారు, మీరు సెప్పేక..." అంటూనే పోశాడు. తొక్కగా తొక్కగా పెడల్ బిగిసింది. ఒంటిగంటన్నరకి కదిలాం. రెండు పక్కలా వలిసె చేలు. నా తెలివికి నేనే మురిసిపోతూ వాటిని చూశాను.

హుకుంపేట దాటాక పెడల్ కిందికి వెళ్లి మరి పైకి రాలేదు, తొక్కిన క్లచ్ తొక్కినట్టే ఉండిపోయింది. ఇంజను అరుస్తోంది, బండి కదలదు. గేరులో పెట్టి సెల్ఫ్ కొట్టినా ఇంజనొక్కటే తిరిగింది. అప్పన్న నా వైపు చూడలేదు.

సోమన్న కర్ర దించాడు. డోలీ మళ్లీ కట్టి అన్నదమ్ములు పరుగులాంటి నడక మొదలుపెట్టారు. వాళ్లను అందుకోలేక వెనకబడ్డాను. దారిలో ఒక్క బండీ ఎదురు రాలేదు, వెనక రాలేదు. ఐదు దాటాక నేను పాడేరు ఆస్పత్రి చేరేసరికి డోలీ కర్ర గోడకి ఆనించి ఉంది.

"దారిలోనే పోనాది బాబూ" అన్నాడు సోమన్న.

రాత్రి లారీకి కట్టి బండిని పాడేరు లాక్కొచ్చారు, మర్నాడు పొద్దున అక్కడ మెకానిక్ క్లచ్ విప్పాడు. లోపలి రబ్బరు కప్పు గారెలా ఉబ్బి ఇరుక్కుపోయింది. "ఏటి పోసేవురా ఇందల? క్లచ్చాయిలంటే బ్రేకాయిలు. ఇంజనాయిలు తగిల్తే రబ్బరు ఉబ్బిపోదా? పోనీ, కిందనున్న స్క్రూ కాస్త వదులు సేసినా ప్రెజరు పోయి క్లచ్చి పట్టేసును. సెల్ఫ్ మీద వచ్చేసేవోడివి."

"తెలీక పోసేనన్నా" అన్నాడు అప్పన్న.

నేను పక్కనే ఉన్నాను. ఆ రబ్బరు కప్పు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మెకానిక్ పైపులు కడిగి, కొత్త కప్పులు వేసి, బ్రేకాయిలు పోసి పైపుల్లోని గాలి తీశాడు. మధ్యాహ్నం రైలందుకోవాలని అదే బండిలో అరకు బయల్దేరాను. వెనక బుద్రి శవం, ఆ పక్కన మరిది. సోమన్న నన్ను ముందు సీట్లోకి పొమ్మన్నాడు. "నిన్న మీరు మాకు సీటిచ్చేరు బాబూ. ఇయ్యాల మీరే కూకోండి." కూర్చున్నాను. అప్పన్న తొక్కినప్పుడల్లా పెడల్ మెత్తగా దిగి మెత్తగా లేచింది.

మలుపు దగ్గర బుద్రిని దించుకుని సోమన్న నాకు దణ్ణం పెట్టాడు. "బండి ఆగిపోతే మీరేటి సేత్తారు బాబూ" అన్నాడు.

రైల్లో పక్క సీటాయన వలిసె పూలు బాగున్నాయా అని అడిగాడు. బాగున్నాయన్నాను. ఆ దారిన వెళ్లేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే, బండి నడిపేవాడి మాట వినండి. బండి దానంతటదే ఆగిపోయిందని సోమన్న ఇప్పటికీ అనుకుంటూ ఉంటాడు. ఆపింది నేను.