షాలో అనే మాట

ఆ రోజు నేను చేసిన తప్పు చిన్నదే. తెలియని మాటకు తెలిసినట్టు అర్థం చెప్పాను. ఆ తర్వాత చేసిందే పెద్ద తప్పు.

డెబ్బైల చివర్లో ఉదయగిరి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. నేను చదివింది చరిత్ర. ఇంగ్లీషు మాస్టారు బదిలీ అయ్యాక ఆ క్లాసులు నాకు అప్పజెప్పారు. గైడు ముందు పెట్టుకుని మాట, దాని అర్థం, ఒక సొంత వాక్యం బోర్డు మీద రాసేవాణ్ణి. పిల్లలు నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకునేవాళ్లు. గైడులో లేని మాట ఎవరూ అడగలేదు.

మా వీధి చివర కొయ్య స్పూన్లు చెక్కే సాయిబు ఉండేవాడు. ఒక సాయంత్రం మద్రాసు కొట్టు నుంచి వచ్చిన ఇంగ్లీషు ఉత్తరం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"రెండొందల స్పూన్లు కావాలంట సార్. అంతవరకు పోస్టుమాస్టరు చెప్పినాడు. గుంట గురించి ఏందో రాసినారంట, అది మిమ్మల్ని అడగమన్నాడు. సరుకు నచ్చితే ప్రతి నెలా తీసుకుంటారంట. లేదంటే నేను మళ్లీ లారీలకు మూటలెత్తను పోవాల్సిందే."

స్పూను గుంట షాలోగా ఉండాలని రాశారు. ఆ మాట నాకు తెలియదు. పక్కన మా స్కూలు మాస్టర్లు ఇద్దరు కూర్చుని వింటున్నారు.

"లోతుగా ఉండాలంట," అన్నాను.

"బాగా లోతా?"

"బాగా."

"మీరుండగా నాకేంది సార్ భయం," అని నవ్వుతూ వెళ్లాడు.

మరునాడు స్కూల్లో నిఘంటువు తీసి చూశాను. లోతు తక్కువ అని ఉంది. దాన్ని బీరువాలో పెట్టి తొమ్మిదో తరగతికి వెళ్లాను. సాయంత్రం అతని ఇంటి ముందు నుంచే నడిచాను. లోపల ఉలి చప్పుడు వినిపిస్తోంది. రేపు చెబుదామనుకున్నాను. మరునాడూ అంతే. వారం పోయాక ఆ చప్పుడు విన్నా ఏమీ అనిపించలేదు. అన్నం తిన్నాను, పేపర్లు దిద్దాను.

మూడు వారాలకు పని పూర్తయింది. బస్సుకు వేసే ముందు చూసి పొమ్మని అతనే పిలిచాడు. గోనెపట్టా మీద రెండు వందల స్పూన్లు. ఒక్కొక్కటి చిన్న గిన్నెలా ఉంది. అప్పుడు చెప్పాను.

అతను ఒక స్పూను తీసుకుని లోపల బొటనవేలితో తడిమాడు.

"చెక్కిన కొయ్య మళ్లీ అతకదు కదా సార్," అన్నాడు. స్పూను పట్టా మీద పెట్టి, "మీకెప్పుడు తెలిసింది?" అని అడిగాడు.

"మరునాడే."

"మరునాడే తెలిసి, మూడు వారాలు మా ఇంటి ముందే తిరిగినారా!"

లోపలి నుంచి అతని భార్య ఉర్దూలో ఏదో అడిగింది. అతను పట్టా అంచు ఎత్తి స్పూన్ల మీద కప్పాడు. నన్ను కూర్చోమనలేదు.

ఇంటికి వెళ్లి మద్రాసు కొట్టుకు ఉత్తరం రాశాను. తప్పు పనివాడిది కాదని, అర్థం చెప్పిన మాస్టరుదని నా పేరు పెట్టి రాశాను. ఒక నెలలోగా లోతు తక్కువ స్పూన్లు పంపమని జవాబు వచ్చింది. అది నేను చదివి వినిపించినా, అతను ఆత్మకూరు వెళ్లి ఇంకొకరితో చదివించుకుని వచ్చాకే ఉలి పట్టాడు.

లోతు స్పూన్లు మిగిలాయి. వాటిని అడిగి తీసుకుని, ఆదివారం ఆత్మకూరు బస్టాండు దగ్గర పట్టా పరిచి కూర్చున్నాను. అనంతసాగరం నుంచి వచ్చిన ఒకాయన, మా స్కూలు పిల్లవాడి తండ్రి, నన్ను గుర్తుపట్టాడు.

"ఏంది సార్, బడి ఎత్తేసినారా?"

"లేదు. తెలియని మాటకు అర్థం చెప్పి ఇవన్నీ చెక్కించినాను."

"మా వాడికి కూడా ఇట్లనే చెప్తా ఉన్నారా?" అని పెద్దగా నవ్వాడు. "సరేలే, పాయసానికి పనికొస్తాయి. రెండియ్యండి."

ఎనిమిది ఆదివారాలు పట్టింది. వచ్చినదంతా ప్రతిసారీ సాయిబుకు ఇచ్చి వచ్చేవాణ్ణి. అతను నా ముందే లెక్కపెట్టుకుని తీసుకునేవాడు.