బ్రేక్ నొక్కితే వెలిగే ఇండికేటర్

ఈ ఏడాది చలి మొదలైన రోజు గరాజ్‌లో పాత ఎలక్ట్రిక్ హీటర్ ఆన్ చేశాను. వేసవంతా దాని మీద పేరుకున్న దుమ్ము కాలి ఘాటైన వాసన లేచింది. మా ఇంట్లో అందరికీ ఆ వాసనంటే చిరాకు. నాకు మాత్రం బ్రాంప్టన్‌లో ప్రభుదాస్ గారి గరాజ్, అందులో బానెట్ తెరిచి ఉంచిన ఎర్ర కారు, దాని వెనక లైట్ల దగ్గర పీట వేసుకుని కూర్చున్న ఆయనా గుర్తుకొస్తారు.

వరంగల్ నుంచి కెనడా వచ్చిన కొత్తలో నేను వాళ్ళింటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేదాన్ని. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం నాది. ఆయనది నరసాపురం. ఎయిర్‌పోర్ట్‌లో ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. రిటైరయ్యాక ఒక కిట్ కారు తెప్పించుకున్నారు. కిట్ అంటే తయారైన కారు కాదు. ఇనుప ఛాసిస్, ఫైబర్‌గ్లాస్ బాడీ, పెట్టెలనిండా విడిభాగాలు. ఇంజన్ పాత బండిలోంచి తీసి పెట్టుకోవాలి. ఇద్దరు మాత్రమే పట్టే, పైకప్పు లేని ఆ కారును ఆయన ఏళ్ళ తరబడి ఒంటరిగా కట్టుకుంటూ వచ్చారు. నేను వెళ్ళేసరికి అది నడుస్తోంది. మిగిలినవన్నీ కరెంటు చికాకులే. హారన్ కొడితే పెట్రోలు ముల్లు ఊగేది. బ్రేక్ నొక్కితే ఎడమవైపు ఇండికేటర్ మసగ్గా వెలిగేది. అవి సరికాకుండా, రోడ్డెక్కే ముందు చేయించాల్సిన ఇన్‌స్పెక్షన్‌కి తీసుకెళ్ళనని ఆయన పట్టుదల. ఈలోగా ఆయన చేతులు వణకడం మొదలైంది. పార్కిన్సన్స్ అన్నారు డాక్టర్లు.

చలి మొదలైన ఒక శనివారం ఉదయం బట్టలు ఉతుక్కుందామని పైకి వచ్చాను. గరాజ్ తలుపు తెరిచి ఉంది, లోపలి హీటర్ నుంచి ఇదే కాలిన దుమ్ము వాసన. ఆయన సన్నని వైరు కొసను టెర్మినల్‌లోకి దూర్చాలని చూస్తున్నారు. అది పక్కకు జారిపోతోంది. మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తున్నారు. నేను నిలబడ్డానని గమనించి, తల తిప్పకుండానే అడిగారు.

"అమ్మాయ్, నీ చేతులు ఓ పది నిమిషాలు అప్పిస్తావా?"

ఆ అప్పు వేసవి దాకా సాగింది. శనివారాలు ఆయన మాట, నా చేయి. నాకు కనిపించిన బల్బునల్లా మార్చేయాలని ఉండేది. ఆయన ఆపేవారు. "బల్బు పాడైందని నీకెవరు చెప్పారు? ముందు ఏమవుతోందో చూడు. తర్వాత ఎందుకవుతోందో ఆలోచిద్దాం" అనేవారు. ఇనుప బాడీ కార్లలో కరెంటు బాడీ గుండానే బ్యాటరీకి తిరిగి వెళ్ళిపోతుందనీ, ఫైబర్‌గ్లాస్‌లో ఆ వీలు లేదనీ, అందుకే ప్రతి లైటు నుంచీ ఛాసిస్ దాకా ఎర్త్ వైరు లాగాలనీ నాకు ఆయన దగ్గరే తెలిసింది. వంటింటి కిటికీలోంచి ఆయన భార్య రూతమ్మ ఆంటీ మమ్మల్ని చూస్తూ ఉండేది. ఒకసారి టీ ఇస్తూ నాతో మెల్లగా అంది: "ఆ కారంటే నాకు భయమేనమ్మా. కానీ అది లేని రోజున ఈయన మంచం దిగరు."

ఒక వారం ఆ ఇండికేటర్ వెలగడం దానంతటదే ఆగిపోయింది. ఎన్నిసార్లు బ్రేక్ నొక్కినా ఏ తేడా లేదు. నాకు సంతోషమేసింది.

"ఇప్పుడు మంచిగనే ఉంది కద అంకుల్. ఇన్‌స్పెక్షన్‌కి ఇచ్చేద్దాం."

"మనం ఏం చేశామని బాగైంది?"

నేను వెళ్ళి ఇంకోసారి బ్రేక్ నొక్కి చూశాను. "మనం చెయ్యకుండా బాగైందంటే అది దాక్కుందమ్మా, పోలేదు" అన్నారాయన. వెనకవైపు ఎర్త్ వైర్లన్నీ కలిసే బోల్టు విప్పించారు. దాని కింద ఛాసిస్ మీది పెయింటు మందంగా అలాగే ఉంది. బోల్టు కాస్త కదిలినప్పుడు ఇనుము తగులుతోంది, లేనప్పుడు లేదు. దారి దొరకని బ్రేక్ లైటు కరెంటు ఇండికేటర్ గుండా పోతోంది. ఉప్పుకాగితంతో ఆ చోటు తళతళలాడేదాకా రుద్ది, బోల్టు బిగించాను. ఆయన పీట మీంచి వంగి, మెరుస్తున్న ఆ చోటును చాలాసేపు చూశారు.

కారు పాసైంది, నంబరు ప్లేటూ వచ్చింది. ఆదివారం ఆంటీని ఎక్కించుకుని సరస్సు దాకా వెళ్ళాలని ఆయన కోరిక. ముందురోజు చర్చి వెనక ఖాళీ పార్కింగ్‌లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నడిపారు. రెండో మలుపులో ఆయన కాలు యాక్సిలరేటర్ మీద బిగుసుకుపోయింది. కంచె మీదికొస్తోంది. చేత్తో తాళం తిప్పి ఇంజన్ ఆపేశారు. కంచెకు జానెడు దూరంలో ఆగాం. కాసేపటికి కాలు మామూలుగా కదిలింది. ఎవరూ చూడలేదు. నేను ఎవరితోనూ చెప్పనన్నాను. ఆయన నా వైపు తిరిగి చిన్నగా నవ్వారు.

తర్వాతి సంగతి ఆంటీ చెబితే తెలిసింది. డాక్టరు పరీక్షలు చేసి, ఇంకొంతకాలం నడపవచ్చు అన్నాడట. "నేను ఊపిరి పీల్చుకునేలోపే ఈయన చెప్పేశారమ్మా, కాలు బిగుసుకుపోయిందని. ఎవరడిగారు ఈయన్ని?" అంటూ కళ్ళు తుడుచుకుంది. లైసెన్సు పోయింది. ఆ సాయంత్రం ఆయన బేస్‌మెంట్ మెట్ల దాకా వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టారు. "గేర్ల బండి నీకొచ్చుగా. మీ ఆంటీకి నేర్పించు."

ఆంటీ ససేమిరా అంది. ఆమె ఒప్పుకునేదాకా నేనే ఆయన్ని తిప్పాను. ఆమె ఒప్పుకుంది, నేర్చుకుంది, ఆకులు ఎర్రబడే వేళకి ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని సరస్సు దాకా వెళ్ళింది. ఆ తర్వాత రెండు వేసవులు అలా తిరిగారిద్దరూ. ఆయన పోయాక కూడా ఆమె ఆ కారు అమ్మలేదు.

నేను నడిపిన రోజుల్లో ఆయన పక్కన ఎలా కూర్చునేవారో నాకు బాగా గుర్తు. తన చేత్తో కట్టుకున్న కారు అది. నేను గేరు గరగరలాడించినా, మలుపు పెద్దగా తీసుకున్నా, మాట అనేవారు కాదు. పాదాలు వెనక్కి ముడుచుకుని, వణికే చేతులు ఒడిలో పెట్టుకుని, రోడ్డు పక్క చెట్లను కొత్తగా చూస్తున్నట్టు చూసేవారు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"మీకు బాధగా లేదా అంకుల్?"

"ఉంది. కానీ నడిపేటప్పుడు ఇవన్నీ చూసే వీలుండేది కాదు."

ఇప్పుడు మా అమ్మాయి డ్రైవింగ్ నేర్చుకుంటోంది. మిస్సిసాగా సిగ్నళ్ళ దగ్గర నేను పక్క సీట్లోంచి లేని బ్రేక్‌ని తొక్కుతూ ఉంటాను. "అమ్మా, యూ ఆర్ డూయింగ్ ఇట్ అగైన్" అంటుందది. పాదాలు వెనక్కి తీసుకుంటాను. తల కిటికీ వైపు తిప్పుకుంటాను. ఇన్నేళ్ళుగా నేను నడిపిన దారిలోనే ఓ ఇంటి ముందు ముదురెరుపు ఆకుల చెట్టు ఉందని మొన్ననే చూశాను.