డయాఫ్రం కదిలే దాకా

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, కాఫీ పళ్లు కోసే కాలంలో, అరకు లోయలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి నన్ను మత్తు డాక్టరుగా వేశారు. మైదానంలో పనిచేసినప్పుడు పక్క ఆపరేషన్ థియేటర్లలో నా తోటివాళ్లు ఉండేవారు. సందేహం వస్తే తలుపు తోసి అడిగేవాణ్ణి. కొండ మీద ఆ పనికి నేనొక్కణ్ణే. ఎవరినైనా అడగాలంటే ఫోను సిగ్నల్ కోసం గేటు దాకా నడవాలి. సాయంత్రాలు క్వార్టర్స్‌లో ఆ రోజు కేసు షీట్లనే మళ్లీ చదువుకునేవాణ్ణి.

నెలకు రెండుసార్లు విశాఖ నుంచి ఒక సర్జన్ వచ్చి లాపరోస్కోపీ ఆపరేషన్లు చేసేవారు. చిన్న రంధ్రాల గుండా పరికరాలు పంపే ముందు కడుపులోకి గ్యాస్ నింపుతారు. అది డయాఫ్రంను పైకి నెడుతుంది. ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే ఆ కండరమే మన ఊపిరికి ఆధారం. పక్కటెముకల మీద అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఆనిస్తే అది తెర మీద రెండు తెల్ల గీతల మధ్య నల్లని పట్టీలా కనిపిస్తుంది. ఊపిరి పీల్చినప్పుడు ఆ పట్టీ మందమవ్వాలి.

సోములమ్మ నలభై దాటిన కాఫీ రైతు. పిత్తాశయంలో రాళ్లు. ఆపరేషన్‌కు ముందు ప్రోబ్‌తో రెండు వైపులా చూశాను, కండరం బాగానే ఉంది. మధ్యలో ఊపిరితిత్తులపై ఒత్తిడి పెరగడంతో గ్యాస్ తగ్గించమని అడిగాను. సర్జన్ తగ్గించారు. పని ముగిశాక, ఘాట్ రోడ్డు మీద మంచు కమ్మకముందే దిగాలని ఆయన జీపెక్కారు. ఆమె బాగానే లేస్తోంది, ఊపిరి కోసం గొంతులో వేసిన ట్యూబు తీసేయవచ్చని చెప్పి వెళ్లారు.

కండరాలను సడలించిన మందుకు విరుగుడు ఇచ్చాను. ఆమె కళ్లు తెరిచి, నా వేలు గట్టిగా పట్టుకుంది. సాధారణంగా ఆ పట్టు చూసే ట్యూబు తీసేవాళ్లం. అయినా ప్రోబ్ పెట్టి చూశాను. ఎడమ వైపు పట్టీ మందమవుతోంది. కుడి వైపు దాదాపు కదలడం లేదు.

ట్యూబు తీశాక ఊపిరి ఆడకపోతే మళ్లీ వేయాలి. ఆ పనిలో సాయపడే మరో డాక్టరు కొండ మీద లేడు. ట్యూబు తీయకుండా, నొప్పి మందు, కొద్దిగా మత్తు ఇచ్చి ఆగాను. సిస్టర్ కాన్పుల గదికీ థియేటర్‌కూ మధ్య తిరుగుతోంది. తలుపు దగ్గర సోములమ్మ భర్త అడిగాడు: "ఏటి బాబూ, ఇంకా లేవనేదేటి?"

ఇంకాసేపు పడుతుందన్నాను. అంతకు మించి చెప్పలేదు. పావుగంటకోసారి ప్రోబ్ పెట్టి చూడటం, షీటులో రాయడం. తప్పు చేస్తున్నానేమో, అనవసరంగా ఆపుతున్నానేమో అనిపించింది. అడగడానికి గేటు దాకా వెళ్దామన్నా ఆమెను వదిలి వెళ్లలేను. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత ఒంటరిగా ఎప్పుడూ లేను. అలా రెండు గంటలు గడవబోతుండగా కుడి వైపు పట్టీ మందమవడం మొదలైంది. మరో రెండుసార్లు చూసి ట్యూబు తీశాను. ఆమె ఇబ్బంది లేకుండా ఊపిరి తీసుకుంది.

మర్నాడు రౌండ్లకు వెళ్లినప్పుడు, నా నిర్ణయం ఫలించిందన్న తృప్తితో ఎలా ఉందని అడిగాను. సోములమ్మ నా ముఖంలోకి చూసింది.

"నాకు అప్పుడప్పుడు తెలివొచ్చింది బాబూ. గొంతులో గొట్టముంది, మాట రాదు. నువ్వేమో ఆ టీవీ కేసే సూత్తన్నావు. నా మొకం సూడనేదు. సచ్చిపోతన్నాను గావాల, అందుకే సెప్పనేదనుకున్నాను."

నేనిచ్చిన మత్తు ఆమెను పూర్తిగా నిద్రపుచ్చలేదు. ఆ రెండు గంటలూ ఆ గదిలో నేనొక్కణ్ణే ఉన్నాననుకున్నాను. క్షమించమన్నాను. ఆమె తలూపి, ఇంటికెప్పుడు పంపుతావని అడిగింది.

ట్యూబు ఉంచడం సరైన నిర్ణయమేనని ఇప్పటికీ నా అభిప్రాయం. ఆ విషయం రోగికి చెప్పకపోవడం నా పొరపాటు. ఆ తర్వాత రిటైరయ్యే వరకూ, ట్యూబు ఉంచవలసి వస్తే ముందు రోగి కళ్లకు ఎదురుగా నిలబడి, ఎందుకు ఉంచుతున్నానో సిస్టర్ చేత వాళ్ల భాషలో చెప్పించేవాణ్ణి. రోగి నిద్రలో ఉన్నట్టు కనిపించినా చెప్పించేవాణ్ణి. ప్రోబ్ ఆ తర్వాతే పట్టుకునేవాణ్ణి. అందుకు అర నిమిషం పడుతుంది.