ఖాలా గేమ్స్ గది

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున, వర్క్‌షాపులో మెషీన్ ఆన్ చేస్తుండగా ఫోన్ మోగింది. అవతల ఖాలా కోడలు. "అక్కా, అమ్మీ పోయింది. నమాజుకు లేచింది, మంచిగనే ఉండె. చాయ్ తాగి గోడకు ఒరిగి కూసుంది. గంతే" అంది. నేను మెషీన్ ఆపేసి, చేతులకు అంటిన నూనె కూడా తుడుచుకోకుండా ఆటో ఎక్కాను.

ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ కాబట్టి నాకు ఆమె ఖాలా. పోనుపోను మా గల్లీలో చిన్నా పెద్దా అందరికీ ఖాలాయే అయింది. చాంద్రాయణగుట్ట చౌరస్తా నుంచి లోపలికొస్తే, మా గల్లీలో వాళ్ల ముందు గది వీడియో గేమ్స్ గది. ఆమె భర్త దుబాయి నుంచి కొడుకు కోసం ఒక గేమ్ మెషీన్ తెచ్చాడు. గల్లీ పిల్లలంతా దాని మీద పడేసరికి ఖాలా ఇంకోటి కొని, రెండు టీవీలు పెట్టి దుకాణమే తెరిచింది. మొన్నటి దాకా నడిపింది.

అప్పట్లో టీవీలో సాయంత్రం ఒక కార్టూన్ వచ్చేది. ఎర్ర రుమాలు కట్టుకున్న ఎలుగుబంటి పిల్ల దుష్టుల్ని చితకబాదుతుంది. దాని మీద పిచ్చి మాకు ఎంతంటే, బహదూర్‌పురా జూకు పోతే సింహాన్ని వదిలేసి ఎలుగుబంటి దగ్గరే నిలబడేవాళ్లం. అదేమో ఎప్పుడు చూసినా పడుకునే ఉండేది! ఆ కార్టూన్ ఆటగా ఖాలా గదిలోకి వచ్చిందని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. కానీ ఆడేది మగపిల్లలే. ఆడపిల్లలం గుమ్మంలో నిలబడి వాళ్ల తలల సందుల్లోంచి చూసేవాళ్లం.

ఒక ఆదివారం ఖాలా నన్ను చూసింది. "చూసుడేంది? లోపల్కి రా" అంది. ఆ క్షణంలోనే మగపిల్లల్ని లేపి బయటికి పంపింది. ఆదివారం రెండు నుంచి ఐదు దాకా ఆడపిల్లలకే అని ఆ రోజే తేల్చేసింది. మర్నాడు ఒక పిల్లాడి అన్న పోట్లాటకు వచ్చాడు. "ఆడివిల్లలకు గేమ్‌లేంది ఖాలా? రోటీలు చేసుడు నేర్పియ్యి."

"నీకొస్తదా రోటీ చేసుడు?"

"నాకెందుకొస్తది?"

"గయితే పోయి నేర్చుకో. గంతల వీళ్లు ఆడుకుంటరు."

ఆమె ఎప్పుడూ మా పక్కనే పీట వేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చునేది. ఎలుగుబంటి పిల్ల దెబ్బలు తింటుంటే మాకంటే ముందు ఆమే అరిచేది. అజాన్ వినబడగానే కొంగు తలమీదికి లాక్కుని, "ఆపున్రి" అనేది. అజాన్ అయ్యేదాకా ఎలుగుబంటి పిల్ల గాలిలో పిడికిలెత్తి అలాగే వేలాడుతుండేది. మేమూ ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం.

నేను మొదటిసారి ఓడిపోయి ఏడ్చాను. టీవీలో ఎప్పుడూ ఓడని హీరో నా చేతిలో పడి చచ్చిపోయాడు మరి! ఖాలా నవ్వలేదు. "టీవీల అయితే బొమ్మ తీసెటోడే దాన్ని గెలిపిస్తడు బేటా. ఇక్కడ నువ్వే గెలిపియ్యాలె. మల్ల ఆడు" అంది. ఆ "మల్ల ఆడు" ఆమె నోట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను.

ఇప్పుడొక సంగతి చెప్తాను, నవ్వకండి. ఆ ఆట ఏ దేశానిదో గాని, తెరమీది అక్షరాలు మాకెవరికీ రావు. ప్రతి మెట్టు, అంటే లెవెల్, దాటాక ఒక డబ్బాలో రెండు వరసల రాత వచ్చేది, ఏదో ఒకటి నొక్కాలి. మొదటిరోజు ఖాలా కిందిది నొక్కింది, ఆట ముందుకు సాగింది. ఇంకేం, "ఎప్పుడైనా కిందిదే నొక్కాలె" అని అందరికీ నేర్పింది. దాదాపు ఏడాది కిందిదే నొక్కాం. ప్రతి ఆదివారం ఆట మొదటినుంచే మొదలయ్యేది. వంతులేసుకుని ఆడేసరికి మూడో మెట్టులో వంతెన మీద ఇనుప మొసలి దగ్గరికి వచ్చేవాళ్లం, టైమైపోయేది. ఒకరోజు నా వేలు జారి పైది నొక్కాను. తర్వాతి వారం మెషీన్ పెడితే ఆట ఏకంగా వంతెన దగ్గరే తెరుచుకుంది! పైదంటే ఆడినంత దాచిపెట్టు అని అర్థమట. మేం ఏడాదిగా మా ఆటను మేమే చెరిపేసుకుంటున్నాం.

ఖాలా అందర్నీ పిలిచి ఎదురుగా కూర్చోబెట్టింది. "గలతీ నాది. నాకు తెల్వదు, తెల్సినట్టు చెప్పిన. మీ ఏడాదంత ఖరాబ్ చేసిన. మాఫ్ చెయ్యున్రి" అంది. అప్పటిదాకా ఒక పెద్దమనిషి పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం నేను చూసి ఎరగను.

"పర్వాలేదు ఖాలా, మొదటి మూడు మెట్లు ఇప్పుడు మా అంత మంచిగ ఎవ్వరు ఆడరు" అన్నాను.

"నన్ను సముదాయించకు. కూసో, ఆడు" అంది.

ఈరోజు నేను వర్క్‌షాపులో మీటలు నొక్కి ఇనుము కోసే పని చేస్తున్నాను. అక్కడ ఆడమనిషిని నేనొక్కదాన్నే. మీటను చూసి భయపడకపోవడం, తప్పు నొక్కితే నొక్కానని చెప్పడం, రెండూ ఆ గదిలో నేర్చుకున్నవే. ఖాలా, నీకు నేను ఎంతో రుణపడి ఉన్నాను. బతికుండగా ఈ మాట నీతో అనలేదు.

పదిరోజులయ్యాక ఆమె కొడుకు ఆ గదిని ఫోన్ల రిపేరు దుకాణానికి అద్దెకిస్తున్నాడని తెలిసింది. నాకు ఒళ్లు మండింది. సీదా వెళ్లి అడిగాను.

"పిల్లలంత ఫోన్లల్లనే ఆడుతున్రక్కా. గీ పాత డబ్బాలెవరికి కావాలె?" అన్నాడు.

"ఎవరి ఫోన్లల్ల? అన్నలు ఆడుతున్రు, చెల్లెండ్లు చూస్తున్రు. నీ బిడ్డ చేతికి ఫోనిచ్చినవా భాయ్?"

తల దించుకున్నాడు. "మరి ఎవరు చూస్తరు?"

"నేను చూస్త. ఆదివారం మూడు గంటలు నాకియ్యి. కడమ వారమంత ఎవరికిచ్చుకుంటవో ఇచ్చుకో."

"చూద్దాం" అన్నాడు. చూద్దాం అంటే కుదరదనే కదా! రోజూ పని దిగగానే వెళ్లి అడిగాను. నాలుగో రోజు విసుగెత్తి తాళంచెవి చేతిలో పెట్టాడు. "ఒక్క ఆదివారం. ఎవ్వరు రాకుంటె మల్ల నన్నడగొద్దు."

ఆదివారం గది ఊడ్చి, మెషీన్లు తుడిచి, రెండింటికి తలుపు తీశాను. రెండున్నర దాకా పిట్ట కూడా రాలేదు. అలా కూర్చుంటే ఏం లాభం? చెప్పులేసుకుని ఇంటింటికీ తిరిగాను. "ఖాలా లేదు గదమ్మా, బంద్ అయిందనుకున్నం" అన్నారు తల్లులు. "బంద్ కాలే, పంపున్రి" అన్నాను. ఐదుగురు పిల్లలు నా వెంట వచ్చారు. అందులో ఖాలా కొడుకు కూతురు లేదు.

నాలుగయ్యేసరికి గుమ్మం దగ్గర మగపిల్లలు గుంపయ్యారు. "ఖాలా లేదు గదా, ఇగ మేం గూడ ఆడుతం" అని తోసుకుంటున్నారు. కసురుదామని లేచాను. ఇంతలో బయట ఖాలా కొడుకు గొంతు వినబడింది.

"ఐదింటి దాంక ఆడివిల్లలది. మా అమ్మీ లేకుంటేంది, నేను లేనా? పోన్రి, పోన్రి."

ఆయన చేతి కింద నుంచి దూరి ఆయన బిడ్డ లోపలికొచ్చింది. వచ్చీ రాగానే పీట లాక్కుని కూర్చుంది. ఆడింది, వంతెన మీంచి పడింది, మళ్లీ మొదలుపెట్టింది. ఆయన మెట్టు మీద, మావైపు వీపు పెట్టి, గుమ్మమంతా నిండిపోయేలా కూర్చున్నాడు. గోడ గడియారంలో ఐదు దాటింది. పిల్లలు నా మొహం చూశారు, నేను ఆయన వీపు చూశాను. ఆయన లేవలేదు.