నర్సయ్య గారి నారింజ మంచు

రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలు ఉండగా, ఒక నవంబరు మొదటి సోమవారం నాడు, ఆబిడ్స్‌లోని మా కలర్ ల్యాబులో నన్ను పైఅంతస్తు స్కానింగ్ సెక్షనుకు ఇన్‌ఛార్జిగా వేశారు. అప్పటికి అక్కడ నా సర్వీసు ఇరవై తొమ్మిదేళ్లు. ప్రింటింగ్ మెషీన్ ఆపరేటరుగా చేరి, కలర్ కరెక్షన్‌లో సీనియర్నై, ఫిల్ము రోజులు పోయాక కంప్యూటర్ ముందు కూర్చోవడం నేర్చుకున్నాను. కింద కౌంటర్లో పాస్‌పోర్ట్ ఫోటోల గిరాకీ నడుస్తుండేది. పైన నా దగ్గరికి పాత నెగటివ్‌లు వచ్చేవి.

నా పని మీద నాకు కొంచెం గర్వం ఉండేది. కొంచెమేమిటి, బాగానే ఉండేది. ఫోటో మొత్తం మీద పులుముకున్న అనవసరపు రంగును మా వాళ్లు ‘కాస్ట్’ అంటారు. ట్యూబ్‌లైటు కింద తీస్తే ఆకుపచ్చగా, మామూలు బల్బు కింద తీస్తే పసుపుగా, ఫిల్ము పాతబడితే ఎర్రగా వస్తుంది. దాన్ని పసిగట్టి తీసేయడమే కరెక్షన్. పెళ్లికొడుకు పంచె పంచెలాగా తెల్లగా రాకపోతే నాకు అన్నం సహించేది కాదు. చాదర్‌ఘాట్‌లో బస్సెక్కి ఆబిడ్స్‌లో దిగేలోపు కిటికీలోంచి కనబడే ప్రతి తెల్ల చొక్కాకీ మనసులోనే కరెక్షన్ చేసేదాన్ని. అంత పిచ్చి.

ఆ సోమవారమే మా సేఠ్, అంటే ల్యాబు యజమాని, ఒక పెద్దాయన్ని వెంటబెట్టుకుని పైకి వచ్చారు. “సువర్ణమ్మా, పన్నెండు పెద్ద ప్రింట్లు. శనివారం నాంపల్లిల ఎగ్జిబిషన్ ఉంది. జర దగ్గరుండి చూడు” అని ఆయన్ని నాకు అప్పజెప్పి వెళ్లారు.

పెద్దాయన పేరు నర్సయ్య. సొంతూరు జనగామ దిక్కు, ఇల్లు కాచిగూడలో. ఇరవై ఆరేళ్లు సరుకు ఓడల్లో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశారట. ఓడ ఏ రేవులో ఆగినా కెమెరా పట్టుకుని బయటికి వచ్చేవారు. నాంపల్లిలో ఫోటోగ్రఫీ అభిమానులు కొందరు ఒక హాలు తీసుకుని ప్రదర్శన పెడుతూ, ఒక గోడ పూర్తిగా ఈయనకే ఇచ్చారు. డెబ్బై ఏళ్ల వయసులో అదే ఆయనకు మొదటి ప్రదర్శన.

నెగటివ్‌లు తెచ్చిన పద్ధతి చూసి మొదటిరోజే ముచ్చటపడ్డాను. పాత డైరీ ఒకటి. ఒక్కో పేజీకి ఒక్కో నెగటివ్ ముక్క, పల్చటి కాగితంలో పెట్టి అంటించి ఉంది. దాని ఎదురు పేజీలో ఆ ఫోటో కథ, ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలతో. మా ల్యాబుకు వచ్చే కెమెరా మొనగాళ్లలో ఒక్కడూ అంత శ్రద్ధ పెట్టడం నేను చూడలేదు.

ఫోటోలు ఇంకా గొప్పగా ఉన్నాయి. సూయజ్ కాలువ దగ్గర తీసిన దాంట్లో నీళ్లే కనబడవు. ఇసుక దిబ్బ వెనకాల నుంచి ఇంత పెద్ద ఓడ నడిచిపోతుంటుంది, ముందు ఒక ముసలాయన గాడిద మీద కూర్చుని దానివైపు తిరిగి కూడా చూడడు. ఓడలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయని తెలిసి, గాడిద వచ్చేదాకా గంటన్నర ఎండలో నిలబడ్డానని డైరీలో రాసుకున్నారు. చిలీ దేశంలో వాల్పరైసో అనే రేవు ఉంది. అక్కడ కొండ నిండా ఇళ్లు, ఏ రెండిళ్లకీ ఒకే రంగు లేదు. ఓడలకు వేయగా మిగిలిన పెయింటు తెచ్చి గోడలకు పూసుకునేవాళ్లట. చిట్టగాంగ్ ఒడ్డున బురదలో సగం కోసేసిన ఓడ మరొకటి. దాని కింద ఆయన రాసింది ఒక్క మాటే: “నేను ఏడేండ్లు వైరింగు చేసిన ఓడ.” అది చదివి నేను కాసేపు కంప్యూటర్ వదిలేసి కూర్చున్నాను.

పన్నెండో పేజీలో మాత్రం కథ లేదు. నల్లసముద్రం ఒడ్డున ఒక రేవు పేరు, అంతే. స్కాన్ చేస్తే ఓడ మీద నుంచి తీసిన మంచు దృశ్యం. రేవంతా మంచు, దాని మీద పడవతాళ్లు, మధ్యలో నల్లకోటు వేసుకుని నడుస్తున్న ఒక మనిషి. కానీ ఫోటో అంతా నారింజ రంగు! ‘అయ్యో, ఇంజను రూము వేడికి ఫిల్ము పాడైంది’ అనుకున్నాను. మంచు మీద గురిపెట్టి, ఇదే తెలుపు అని కంప్యూటర్‌కు చెప్పాను. ఒక్క క్షణంలో మంచు మల్లెపూవులా మెరిసింది. ఆ ప్రింటు చూసుకుని నేను పొంగిపోయాను కూడా.

గురువారం నర్సయ్య గారు వచ్చారు. ప్రింట్లన్నీ బల్ల మీద వరసగా పరిచాను. గాడిద ముసలాయన్ని చూసి “వీడు బతికొచ్చిండు సూడు!” అని పిల్లాడిలా నవ్వారు. పన్నెండోదాని దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. చాలాసేపు చూసి, “మీరు గూడ కడిగేసిన్రా మేడమ్” అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయన చొక్కా జేబులోంచి, మొదటిసారి కడిగించినప్పటి పోస్టుకార్డు సైజు ఫోటో తీసి పక్కన పెట్టారు. అదే దృశ్యం, అదే తెల్లటి మంచు.

ఆ రోజు రేవులో మంచు నిజంగానే నారింజ రంగులో పడిందట. ఆఫ్రికా ఎడారి ఇసుక గాలికి లేచి, సముద్రం దాటి వచ్చి మంచుతో కలిసి కురిసిందని వాళ్ల కెప్టెన్ చెప్పాడట. ఊరొచ్చి అందరికీ చెప్పారు. ఫోటో కడిగిస్తే తెల్లగా వచ్చింది. నెగటివ్ చూపిద్దామా అంటే దానిలో రంగులన్నీ తిరగబడి ఉంటాయి, మామూలు కంటికి ఏమీ తెలియదు.

“ఇంకో రెండు దుకాణాలల్ల గూడ కడిగిచ్చిన. గట్లనే వచ్చినయి” అన్నారు. “మా బావ యాదగిరి లేడా, అక్క మొగుడు, ఆయన గప్పటి సంది నన్ను ‘నారింజ నర్సిగాడు’ అంటడు. పెండ్లిల గానీ పేరంటంల గానీ నేను నోరు తెరిస్తే చాలు, ‘ఆగాగు, మంచు ఏ రంగుల పడ్డదో చెప్పు’ అంటడు. అందరు నవ్వుతరు. నేను చూసిన దేశాలన్ని గప్పాలే అయిపోయినయి.”

మొదట కడిగించిన దుకాణానికి తిరిగి వెళ్లి అడిగారట కూడా. “గాడ మెషీన్ మీద కూసున్న పిల్ల పక్కున నవ్వింది. ‘మంచు నారింజ రంగుల ఉంటదా అన్నా, ఇంటికి పోయి ఫ్రిజ్ తెరిచి చూస్కోరాదు’ అన్నది.”

నేను కూడా నవ్వబోయి ఆపుకున్నాను. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. “నేను చెప్తే, చెప్పినందుకు రంగేసిన్రంటరు. దానంతట అది రావాలె” అన్నారు. నాకు కొంచెం కోపం వచ్చింది. ఇన్నేళ్ల సర్వీసున్న దాన్ని, పాడైన ఫిల్ముకీ మంచి ఫిల్ముకీ తేడా తెలియదా? మెత్తగానే చెప్పాను, ఓడల్లో వేడికి ఫిల్ము పాడవుతుంది, అది మీ తప్పూ కాదు నా తప్పూ కాదు అని.

“మంచిది మేడమ్. గిది లేకుంటే మిగతావి గూడ వద్దు. శనివారం మా బావ వస్తుండు. తెల్ల మంచు గోడకు పెట్టుకోని ఆయన ముంగట నేను నిలబడలేను” అని డైరీ చంకలో పెట్టుకుని మెట్ల వైపు నడిచారు.

అంత గొప్ప ఫోటోలు మళ్లీ డైరీలోకి పోతాయంటే నా ప్రాణం ఉసూరుమంది. “పది నిమిషాలు కూర్చోండి. ఫిల్ము పాడైందని మీ కళ్లముందే చూపిస్తాను” అన్నాను. ఆయన్ని తప్పని నిరూపించి, ఒప్పించి, ప్రదర్శన నిలబెట్టాలన్నదే నా ఉద్దేశం.

దీనికి ఒక పద్ధతి ఉంది. ఫిల్ము పాడైతే ఆ రంగు అన్నిటి మీదా ఉండాలి, ఆ ముక్కలోనే పక్కనున్న ఫ్రేముల మీద, అంటే ముందూ వెనకా తీసిన ఫోటోల మీద కూడా. ఆర్డరులో ఆ ఒక్క ఫ్రేమే ఉంది కాబట్టి పక్కవాటిని నేను అసలు చూడలేదు. ఇప్పుడు ఏ కరెక్షనూ లేకుండా ముక్క మొత్తం స్కాన్ చేశాను. ముందు ఫ్రేము ఓడ వంటగది, తర్వాతది ఇస్తాంబుల్ దగ్గర కొంగల్లాంటి తెల్లటి సముద్రపు పక్షులు. రెండూ శుభ్రంగా ఉన్నాయి. అంటే ఫిల్ము పాడవలేదు.

ఇక మంచు ఫ్రేములో తెల్లగా ఉండాల్సిన ఇంకో వస్తువు కోసం వెతికాను. ఎడమ మూల, ఓడ రెయిలింగు మీద ఒక చేయి, ఆ చేతిలో ఎనామిల్ కప్పు. ల్యాబులో కత్తిరించేసే అంచు అని నేను దానివైపు చూడనే లేదు. నేను కరెక్షన్ చేసిన స్కానులో ఆ కప్పు ఆకాశం రంగులో ఉంది, పట్టుకున్న చేయి బూడిద రంగులో ఉంది. ప్రపంచంలో ఏ మనిషి చేయీ ఆ రంగులో ఉండదు.

“ఆ కప్పు ఏ రంగు నర్సయ్య గారూ?” అని అడిగాను.

“తెల్లది. అంచుకు నీలం గీత. మా వంటాయనది, చాయ్ తాగుతుండె.”

ఈసారి కప్పు మీద గురిపెట్టి, ఇదే తెలుపు అని చెప్పాను. కప్పు తెల్లబడింది, నీలం గీత బయటపడింది, చేయి చామనఛాయకు వచ్చింది. రేవు మొత్తం, తాళ్ల కింద, పడవల మీద, ఆ నల్లకోటు మనిషి బూట్ల చుట్టూ, మంచు నారింజ రంగులో నిండిపోయింది. అబ్బ, ఎంత బాగుందో! అంత వింత దృశ్యాన్ని కెమెరాలో పట్టిన మనిషిని ఇన్నేళ్లు గప్పాలరాయుణ్ణి చేశారు కదా అనిపించింది. ఆయన స్క్రీను వైపు చూస్తూ “ఔ, గిదే” అన్నారు.

అప్పుడే బల్ల మీదున్న పాత ఫోటోను ఎందుకో తిరగేశాను. ఆ కాలపు మెషీన్లు ప్రింటు వెనకాల సన్నటి అక్షరాలతో కొన్ని వివరాలు అచ్చువేసేవి: దుకాణం గుర్తు, ఆపరేటరు నంబరు, ఏ రంగు ఎంత తగ్గించారో. వెనకాల ఉన్నది మా ల్యాబు గుర్తు. అప్పట్లో బోర్డు మీద పేరు వేరు, కౌంటరు కూడా వేరే వీధి వైపు ఉండేది, అందుకే ఆయన గుర్తుపట్టలేదు. పసుపు, ఎరుపు బాగా తగ్గించినట్టు ఉంది, అదీ మెషీన్ తనంతట తాను తగ్గించింది కాదు, చేత్తో నొక్కింది. ఆపరేటరు నంబరు నాలుగు.

నాలుగో నంబరు నాది. చేరిన కొత్తలో ఇచ్చిన నంబరు, ఫిల్ము మెషీన్ తీసేసేదాకా ఎవరికీ మార్చలేదు. ఫ్రిజ్ తెరిచి చూసుకోమన్న సంగతి నాకు గుర్తు లేదు. కానీ ఆ మాట నా నోటి నుంచి వచ్చేదే, అందులో నాకు ఏ అనుమానమూ లేదు.

దాచుకోవచ్చు. ఆయనకు ఆ అంకెల సంగతి తెలియదు. కానీ ఎదురుగా కూర్చుని ఆ తెరను అంత ఇష్టంగా చూస్తున్న మనిషి దగ్గర దాచబుద్ధి కాలేదు. “అన్నా, ఆ పిల్లను నేనే” అని చెప్పేశాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. తర్వాత బల్ల మీద చరిచి నవ్వారు. “సోమవారమే అనుకున్న చెల్లే, గీ నోరు ఏడ్నో ఇన్నట్టుందని!”

శనివారం సాయంత్రం ఆబిడ్స్ నుంచి నాంపల్లికి నడిచే వెళ్లాను, అంత దగ్గరికి ఆటోవాళ్లు రారు. హాల్లో పదకొండు ఫోటోల దగ్గర జనం బాగానే ఆగుతున్నారు. వాల్పరైసో ఇళ్ల ముందు నిలబడి ఒకావిడ తన చీర కొంగు పట్టి చూపిస్తూ, ఏ ఇల్లు తన కొంగు రంగో వెతుకుతోంది. నారింజ మంచు ముందు మాత్రం ఒక తెల్ల మీసాల పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నారు. ఆయనే యాదగిరి గారని నర్సయ్య గారి మొహం చూస్తేనే తెలిసింది.

“బాగనే ఉంది. ఇయ్యాల రేపు కంప్యూటర్ల ఏ రంగంటే ఆ రంగు ఏస్తున్రు గదా” అన్నారాయన.

ఈ మాట వస్తుందని నాకు ముందే తెలుసు. అందుకే ఆ ఫోటో కింద ఇంకో చిన్న ఫ్రేము కట్టించాను. దాంట్లో నెగటివ్ ముక్క మొత్తం ప్రింటు, పక్కన పాత తెల్ల ఫోటో, దాని వెనకవైపు నకలు. కింద నా చేతిరాత: “ఈ ఫోటోలో మంచును తెల్లగా మార్చింది ల్యాబు. ఆ రోజు మంచు రంగు పైన ఉన్నదే. కప్పు తెల్లగా ఉందో లేదో చూసి నిర్ధారించుకోగలరు. ఇట్లు, ఆపరేటరు నంబరు 4, సువర్ణ.”

అది చదవమని యాదగిరి గారికి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. తలెత్తి కప్పు చూశారు, చేయి చూశారు, మళ్లీ కాగితం చూశారు. “నాలుగో నంబరు ఎవరమ్మా?” అని అడిగితే నేనేనని చెప్పాను.

బావమరిది వైపు తిరిగి, “నర్సన్నా, దాని మీద నడిస్తే ఎట్లుండె?” అని అడిగారు.

నర్సయ్య గారు చూసిన దేశాల గురించి ఆయన్ని ఆ ఇంట్లో ఎవరైనా నిజంగా అడగడం అదే మొదటిసారని తర్వాత నాకు చెప్పారు. “ఇసుక లెక్క కరకర అనె బావా. బూటు పైకి గుంజితే అడుగున పాత మంచు తెల్లగ కనవడె” అని మొదలుపెట్టి, గాడిద దగ్గరికి, అక్కణ్నుంచి చిట్టగాంగ్ దగ్గరికి తీసుకెళ్లారు. హాలు మూసే టైము అయిందని చెప్పేదాకా బావ పక్కనే నడిచారు.

సోమవారం డ్యూటీకి వెళ్లగానే సేఠ్‌ను అడిగి మా ఆర్డరు ఫారంలో ఒక గడి పెట్టించాను: ‘తీసినవారు చూసిన రంగు’. ఆ గడి నింపనిదే స్కానింగుకు ఏ నెగటివూ తీసుకోవద్దని కౌంటరుకు చెప్పాను. రిటైరయ్యేదాకా నేను అదే పద్ధతి పాటించాను. ఫోటో తీసిన చోట ఉన్నది కెమెరా పట్టుకున్న మనిషి, నేను కాదు. ఏది తెల్లగా ఉండాలో నాకు తెలుసు అనుకున్న రోజునే నేను ఒక మనిషిని అబద్ధాలకోరును చేశాను.