ముప్ఫై ఆరు డాలర్ల కొత్తిమీర కట్ట

అమెరికా మొత్తం మీద అందరికంటే ఖరీదైన కొత్తిమీర కొన్నది ఎవరని అడిగితే మొహమాటం లేకుండా నా పేరు చెప్పండి. కట్ట ముప్ఫై ఆరు డాలర్లు. రసీదు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అక్టోబరు ఏడు, శుక్రవారం. పద్నాలుగేళ్ళ కిందటి మాట. అంటే నాకు అరవై నిండి, బుద్ధి మాత్రం ఇంకా నిండని రోజులు.

ప్లేనోలో మా ఇంటి లెక్కల పుస్తకం అప్పటికి ముప్ఫై ఏళ్ళుగా నా చేతిలోనే ఉంది. అందులో ఒక్క తప్పైనా దొరక్కపోతుందా అని మా ఆయన ఆ ముప్ఫై ఏళ్ళూ చెరువు గట్టున కొంగలా ఒంటికాలి మీద నిలబడి చూస్తున్నారు.

మరునాడు మా ఇంట్లో ఇరవై మందికి భోజనాలు. నా ఖాతాలో ఉన్నవి తొమ్మిది డాలర్లు. చేతిలో మాత్రం కుట్టుపనికి వచ్చిన మూడు వందల డాలర్ల చెక్కు ఉంది. బ్యాంకు దారిలోనే. కానీ శుక్రవారం! లక్ష్మిని గడప దాటించకూడదు. అందుకని చెక్కును దేవుడి అలమరలో పెట్టి, పుస్తకంలో జమ రాసేసుకుని, కార్డుతో బజారుకి బయలుదేరాను. కార్డు లక్ష్మి కాదు కదండీ, ప్లాస్టిక్కు!

బియ్యం ఒక కొట్లో చవక, పప్పు ఇంకో కొట్లో, గోంగూర మరో కొట్లో. ఆఖరి కొట్లో కొన్నది ఒక్క కొత్తిమీర కట్టే. ఐదు కొట్లు, ఐదు గీకుళ్ళు, మొత్తం యాభై డాలర్లు. అలా తిరిగినందుకు మిగిలింది మూడు డాలర్ల ఎనభై సెంట్లు. పెట్రోలు మా ఆయన పద్దు కనుక లెక్కలోకి రాదు.

శనివారం పొద్దున్నే చెక్కు బ్యాంకులో వేశాను. బుధవారం బ్యాంకు ఉత్తరం వచ్చింది, నా ఖర్మకొద్దీ మా ఆయన చేతికి.

"రత్నం, కొత్తిమీర కట్ట ఎంతకి తెచ్చావే?"

"డాలరు. ఏం, వాడిపోయిందా?"

"లేదు, పెరిగింది. బ్యాంకు వాళ్ళు ముప్ఫై ఆరంటున్నారు."

ఖాతాలో డబ్బు లేకుండా కార్డు గీకినందుకు గీకుడికి ముప్ఫై ఐదు చొప్పున, ఐదింటికీ నూట డెబ్బై ఐదు డాలర్లు ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజు! అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కిన అడుసుకి కాలు కడిగింది బ్యాంకువాడు, నీళ్ళ ఖర్చు నాది.

"ఇక ఆ పుస్తకం ఇలా ఇచ్చెయ్," అన్నారాయన చెయ్యి చాపి.

"శుక్రవారం దాకా గడువివ్వండి. తిరిగి రావలసిన దాంట్లో ఒక్క డాలరు తగ్గినా పుస్తకం, కలం, కళ్ళజోడు కూడా ఇచ్చేస్తాను."

ఆ రెండు రోజుల్లో ఆయన నాలుగిళ్ళకు ఫోన్ చేసి నా కొత్తిమీర కథ చెప్పారు. నేను బ్యాంకువాళ్ళ నిబంధనల పుస్తకం చదివాను, రెండుసార్లు.

శుక్రవారం కౌంటర్లో స్నేహ ఉంది. ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల. నా ఖాతా తెరిచింది తనే.

"ఆంటీ, అప్పుడే అడిగాను కదా? మనీ లేకపోతే కార్డ్ డిక్లైన్ చెయ్యాలా, మేం కవర్ చెయ్యాలా అని. మీరు కవర్ అన్నారు."

"అన్నానమ్మా. కొట్లో నలుగురు తెలుగువాళ్ళ ముందు కార్డు చెల్లదంటే పరువేం కాను? సంతకం నాదే, తప్పూ నాదే. మరి ఇరవై రెండో పేజీ మాటేమిటి?"

"ఆ బుక్ ఎవరూ చదవరు ఆంటీ!"

"నేను చదివాను. ఐదు డాలర్లలోపు సరుకుకి ఫీజు లేదట. నా కొత్తిమీర డాలరే. రోజుకి మూడు ఫీజులకి మించకూడదట. మీరు ఐదు వేశారు."

స్నేహ చదివింది. మళ్ళీ చదివింది. "ఓ మై గాడ్, ఆంటీ!" అని మేనేజరు గదిలోకి పరిగెత్తింది.

డెబ్బై డాలర్లు తమ పొరపాటేనని మేనేజరు ఒప్పుకున్నాడు. మిగిలిన నూట ఐదూ న్యాయంగా నా నెత్తిన పడవలసినవే. కానీ నేను కళ్ళజోడు సర్దుకుని, "ఇక ఇరవై మూడో పేజీలో..." అనగానే నా వెనక వరస వైపు ఒకసారి చూసి, అదీ వదిలేస్తానన్నాడు. మీకు మాత్రం చెబుతున్నాను, ఇరవై మూడో పేజీలో ఉన్నది బ్యాంకు సెలవుల జాబితా.

"ఇంకో మాట స్నేహా, ఆ కవరేదో తీసెయ్."

"తీసేశాను ఆంటీ. మీ రిఫండ్ మండేకి పడుతుంది."

కార్లో కూర్చోగానే పుస్తకంలో నూట డెబ్బై ఐదు జమ రాసేశాను. స్టీరింగు ముందు మా ఆయన నా కలం వైపే చూస్తున్నారు.

"మిఠాయి కొట్టుకి పోనివ్వండి. నా కొత్తిమీర కథ విన్న నాలుగిళ్ళకూ నా విజయం కూడా చేరాలి."

నాలుగు డబ్బాలు, తొంభై ఆరు డాలర్లు. వెనక వరసలో ఆరుగురు, అందరూ మనవాళ్ళే. దర్జాగా కార్డు గీకాను.

"డిక్లైన్ అయిందండీ," అన్నాడు కొట్టాయన, ఆరుగురికీ వినపడేలా.

ఖాతాలో ఉన్నవి ఎనభై నాలుగే. సోమవారం రావలసిన డబ్బు నా పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేదు. మా ఆయన ముఖం మతాబులా వెలిగింది. కొంగకి ముప్ఫై ఏళ్ళకి చేప దొరికింది! ఆయన నోరు తెరిచేలోపే కొట్టాయన ఆయన వైపు తిరిగి, "సార్, మీరిస్తారా?" అన్నాడు. ఆరుగురి ముందు ఏ మగవాడు కాదంటాడు? పర్సు తీసి తొంభై ఆరూ నోట్లు లెక్కపెట్టారు.

"శుక్రవారం పూట!" అని గొణిగారు.

"పరవాలేదండీ. లక్ష్మి వెళ్ళింది మీ జేబులోంచి. నా ఖాతాలో ఫీజు సున్నా."

సోమవారం నూట డెబ్బై ఐదూ సెంటు తగ్గకుండా వచ్చి పడింది. ఆ లెక్కల పుస్తకం ఇప్పటికీ నా చేతిలోనే ఉంది. దాని మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఖాతాలో పడని డబ్బు పుస్తకంలో రాయను. శుక్రవారం కార్డు గీకను. గీకక తప్పకపోతే, ఆయన్ని వెంట తీసుకువెళ్తాను.